సుగుణక్క ఊడ్చిన ఇల్లు

2014వ సంవత్సరం, మార్చి నెల. ఒమాన్ దేశానికి ఉత్తరాన చిట్టచివర, కొండలన్నీ సముద్రంలోకి దిగిపోయే చోట, ఖసబ్ అని ఒక చిన్న రేవు పట్టణం ఉంది. అప్పట్లో నేను అక్కడ విహార పడవల మీద గైడుగా పనిచేసేవాడిని. ఇప్పుడు నంద్యాలలో ట్రావెల్స్ ఆఫీసు పెట్టుకొని, జనాన్ని పొద్దున అహోబిలానికో యాగంటికో బెలుం గుహలకో తీసుకుపోయి సాయంత్రానికి తిరిగి తెస్తున్నాను. ఆఫీసుకు వచ్చినవాళ్ళు మాటల మధ్య నా పాత ఉద్యోగం సంగతి తెలిసి, "ఆళ్ళగడ్డ మనిషివి, నీకు సముద్రం యాడిదన్నా? పడవ మీద ఏం చేస్తాంటివి?" అని అడుగుతుంటారు. ఏం చేసేవాడినో చెప్పడం తేలికే. కానీ చెప్పడం మొదలుపెడితే ప్రతిసారీ ఒక్క రోజు దగ్గరికే వచ్చి ఆగుతాను.

ఎడారి తీరం అనగానే అందరూ ఇసుక అనుకుంటారు. అక్కడ ఇసుక తక్కువ, రాయి ఎక్కువ. పాణ్యం దాటాక కనిపించే మన ఎర్రమల కొండల్ని పదింతలు పెంచి, చెట్టూ పొదా అంతా గీకేసి, నేరుగా నీళ్ళలో నిలబెడితే ఎట్లా ఉంటుందో అట్లా ఉంటుంది. కొండల నడుమ సముద్రం పాయలు పాయలుగా లోపలికి చొచ్చుకొని వస్తుంది. ఆ పాయను ఖోర్ అంటారు. ఖోర్ లోపల నీళ్ళు చెరువు నీళ్ళంత నిమ్మళంగా ఉంటాయి. బయట, అడ్డులేని సముద్రంలో, గాలి ఎటు తిరిగితే అటు.

మా పడవను ధో అంటారు. పాతకాలపు చెక్క పడవ, దానికి మోటారు బిగించి ఉంటుంది. డెక్ అంటే పడవ పైభాగపు చదును మీద తివాచీలు పరిచి, వాటి మీద దిండ్లు వేసి, యాలకులు దంచి వేసిన కాఫీ, ఖర్జూరాలు పెట్టేవాళ్ళం. పొద్దున బయల్దేరి, డాల్ఫిన్లను చూపించి, ఒక దీవి దగ్గర ఈత కొట్టించి, మధ్యాహ్నం అన్నం, చేపలు వడ్డించి, ఎండ తగ్గేలోపు రేవుకు తెచ్చేసేవాళ్ళం. దీన్నే డే ట్రిప్ అంటారు. తడిసిన తాళ్ళ వాసన, డీజిల్ వాసన, యాలకుల వాసన మూడూ కలిసి ఉండేవి. ఇప్పటికీ ఎక్కడైనా యాలకులు దంచుతుంటే నాకు ముక్కులో ముందు డీజిల్ తగులుతుంది.

ఆ రోజు చార్టర్ వచ్చింది. చార్టర్ అంటే పడవ మొత్తం ఒకే కుటుంబం మాట్లాడుకోవడం. మస్కట్ నుంచి హమద్ అనే ఆయన తన తల్లిని, తమ్ముడిని వెంటబెట్టుకొని వచ్చాడు. ముందు రోజే ఆఫీసుకు వచ్చి నాతో మాట్లాడాడు. నలభై దాటిన మనిషి, నెమ్మదస్తుడు.

"డాల్ఫిన్లు వద్దు, ఈత వద్దు," అన్నాడు. "మా అమ్మ పుట్టిన పల్లె ఈ తీరంలోనే ఉంది. ఇప్పుడు అక్కడ ఎవరూ లేరు. అందరూ పట్నాలకు వచ్చేసి చాలా కాలమైంది. అమ్మకు మతిమరుపు జబ్బు వచ్చింది. మమ్మల్ని ఒక్కొక్కరినే మర్చిపోతోంది. ఆ పల్లెను మాత్రం మర్చిపోవడం లేదు. ఒక్కసారి చూపించాలి."

మా పడవ నడిపే సులేమాన్ కెప్టెన్ అదే తీరంలో పుట్టినవాడు. పల్లె పేరు వినగానే మొహం చిట్లించాడు. అది ఖోర్ లోపల లేదు, బయటి సముద్రం వైపు ఉంది. అక్కడ పడవ నిలిపే చోటుకు ఉత్తరం నుంచి ఏ అడ్డూ లేదు. షమాల్ అనే ఉత్తరపు గాలి లేచిందంటే అలలు సూటిగా వచ్చి కొడతాయి. "పొద్దున గాలి ఉండదు. మధ్యాహ్నం లేస్తుంది. నేను పదమనగానే బయల్దేరాలి, ఒప్పుకుంటే సరే," అన్నాడు. హమద్ ఒప్పుకున్నాడు.

మరుసటి రోజు పొద్దున రేవులో పడవ ఎక్కిస్తున్నాను. నల్లటి ముసుగులో సన్నటి ముసలామె, పక్కన ఆమె చేయి పట్టుకొని ఒక ఆడమనిషి. ఆడమనిషి వంగి, ముసలామె పాదం వైపు చూస్తూ అంది:

"మెల్లగ. మెల్లగమ్మా. కాలు యాడ పెడ్తాండావో సూసుకో."

నేను చేయి చాపినవాణ్ణి చాపినట్టే ఉండిపోయాను. ఆ రేవులో మలయాళం వినిపిస్తుంది, ఉర్దూ, బెంగాలీ వినిపిస్తాయి. మా సీమ తెలుగు వినిపించి ఎన్నాళ్ళయిందో. అంతకంటే వింత ఏమిటంటే, ముసలామె ఆ మాట అర్థమైనట్టు ఆగి, కిందికి చూసి, జాగ్రత్తగా కాలు పెట్టింది.

"యాడక్కా మీది?" అన్నాను.

ఆమె తలెత్తి చూసింది. "నీది యాడప్పా?" అంది.

"ఆళ్ళగడ్డ."

"ఆళ్ళగడ్డలో యాడ?"

"శిల్పాలు చెక్కే వీధి పక్కనే."

ఆమె మొహం విప్పారింది. "పొద్దన లేస్తే ఉలి సప్పుడు. నా తమ్ముడు ఆడనే ఉండాడు, బస్టాండు ఎనకాల. నా పిల్ల వాళ్ళింట్లోనే సదువుకుంటాంది." తర్వాత గొంతు తగ్గించి, "నేను పుట్టింది మాత్రం ఆత్మకూరు అవతల, కృష్ణ ఒడ్డున. ఆ ఊరు ఇప్పుడు లేదులే. డ్యాం నీళ్ళల్లో పోయింది," అంది.

ఆమె పేరు సుగుణమ్మ. భర్త పోయాక, మూడేళ్ళ బిడ్డను తమ్ముడి దగ్గర వదిలి హమద్ వాళ్ళ ఇంట్లో వంటకు వచ్చింది. వచ్చి పదేళ్ళు దాటింది. మొదట వంట, తర్వాత పెద్దామెకు తోడు. ఆమె పెద్దామెను ఉమ్మీ అని పిలిచేది, అంటే అమ్మా అని. పెద్దామె పేరు ఆమ్నా. కొడుకుల పేర్లు తడుముకునే ఆ మనిషి సుగుణక్కను మాత్రం "సుగునా, సుగునా" అని గుక్క తిప్పుకోకుండా పిలిచేది. పడుకో, కూర్చో, పా, నీళ్ళు అనే మాటలు తెలుగులోనే అనేది. అవి ఏ భాషవో ఆమెకు తెలిసినట్టు లేదు.

రేవు దాటాక గంటసేపు పెద్దామె దేన్నీ పట్టించుకోలేదు. డాల్ఫిన్లు వాటంతట అవే వచ్చి పడవ ముక్కు పక్కన ఎగిరాయి. హమద్ తమ్ముడు రషీద్, "అమ్మా, అటు చూడు," అన్నాడు. ఆమె చూడలేదు. సుగుణక్క ఒక్కతే చూసి నవ్వుకుంది. ఇన్నేళ్ళుగా సముద్రం ఉన్న దేశంలో ఉండి కూడా పడవ ఎక్కడం అదే మొదటిసారని చెప్పింది.

ఖోర్ దాటి బయటికి తిరిగాం. కొండలు నిట్టనిలువుగా లేచాయి. అప్పుడు పెద్దామె దిండు మీద నుంచి లేచి కూర్చుంది. ఒక్కో కొండ మలుపూ వస్తుంటే ఏదో అనడం మొదలుపెట్టింది. సులేమాన్ చుక్కాని దగ్గర నుంచి చెవి ఒగ్గి విన్నాడు.

"పేర్లు చెబుతోంది," అన్నాడు నాతో. "రేవుల పేర్లు. మా తాత చెప్పేవాడు ఇవి."

పల్లె వచ్చింది. కొండ అడుగున గులకరాళ్ళ ఒడ్డు, దాని వెనక రాతి గోడల ఇళ్ళు పది పదిహేను. ఒక్కదానికీ పైకప్పు లేదు. చిన్న మసీదు, పూడిపోయిన బావి, ఒడ్డున ఎండి పగిలిన పడవ చట్రం. గోడల మీద మేకలు. పడవను దూరంగా లంగరు వేసి, టెండర్ మీద ఒడ్డుకు చేరాలి. టెండర్ అంటే పెద్ద పడవ వెనక కట్టుకొని వచ్చే చిన్న పడవ. దాన్ని నేనే నడిపాను.

ఒడ్డున దిగాక జరిగింది చెబితే నమ్మరు. రేవులో ఇద్దరు పట్టుకుంటే గానీ అడుగు వేయని మనిషి, చేయి విదిలించుకొని, గులకరాళ్ళ మీద తనంతట తాను నడిచింది. ఇళ్ళ మధ్య సందులో ఎడమకు తిరిగింది, గోడ పట్టుకొని మూడు మెట్లు ఎక్కింది, ఒక ఇంట్లోకి వెళ్ళి మూలన కూర్చుంది. ఇంకెక్కడ కూర్చుంటారు అన్నట్టు కూర్చుంది.

ఆ గంటన్నర చాలా బాగుంది. ఆమె మాట్లాడుతూనే ఉంది. లేనివాళ్ళతో మాట్లాడుతోందని మాకు తెలుసు. హమద్ మొదట ఫోన్ తీసి వీడియో తీశాడు. తర్వాత ఫోన్ జేబులో పెట్టేసి నేల మీద కూర్చున్నాడు. అన్నం గిన్నెలు అక్కడికే తెచ్చాను. ఇంట్లో బతిమాలి తినిపించాల్సిన మనిషి, చేప ముల్లు తనే తీసుకొని తిన్నది. రషీద్ పక్కకు వెళ్ళి గోడకు ఆనుకొని నిలబడ్డాడు. కళ్ళు తుడుచుకున్నాడు.

అంతలో ఒడ్డు నుంచి సులేమాన్ కేక వేశాడు. ఎప్పుడు వచ్చాడో, పడవను సహాయకుడికి అప్పగించి, కొంచెం దూరంలో చేపలు పడుతున్న వాళ్ళ పడవ ఎక్కి వచ్చాడు. నేను బయటికి వచ్చి చూశాను. దూరాన సముద్రం మీద తెల్లటి గీతలు కనిపిస్తున్నాయి. అవి అలల నురగలు. షమాల్ లేచింది.

"ఇప్పుడు బయల్దేరితే తడుస్తాం, అంతే," అన్నాడు. "ఆలస్యమైతే టెండర్ నుంచి పెద్ద పడవలోకి ఆమెను ఎక్కించలేం. ఆ వయసులో నీళ్ళలో పడితే ఇంక అంతే. ఇక్కడే ఉంటామంటే తాగే నీళ్ళు లేవు, గాలి ఎన్ని రోజులకు తగ్గుతుందో తెలియదు. పద."

లోపలికి వెళ్ళి చెప్పాను. హమద్ లేచి తల్లి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"అమ్మా, ఇంటికి పోదాం."

"ఇంట్లోనే ఉన్నానుగా," అంది ఆమె.

"మళ్ళీ వద్దాం. ఇప్పుడు పోవాలి."

ఆమె అతని మొహంలోకి చూసింది. "నువ్వెవరు? మా ఇంట్లోకి ఎందుకు వచ్చావు?"

హమద్ కిందికి చూశాడు. మళ్ళీ బతిమాలాడు. రషీద్ బతిమాలాడు. తర్వాత రషీద్ గొంతు పెంచాడు. ఆమె గోడలోని రాయిని రెండు చేతులతో పట్టుకుంది. బయట సులేమాన్ మళ్ళీ పిలిచాడు. గాలి చప్పుడు గోడల మీదుగా లోపలికి వస్తోంది.

"ఎత్తుకొని పోదాం," అన్నాడు రషీద్. "వేరే దారి లేదు."

ఇద్దరూ చెరో పక్క చేతులు వేశారు. ఆమె అరిచిన అరుపు నేను జన్మలో మర్చిపోను. మేకలు గోడలు దూకి పారిపోయాయి. ఆమె హమద్ చెంప మీద కొట్టింది. ఊపిరి అందక గుండెలు ఎగసిపడుతున్నాయి. పెదవులు నల్లబడ్డాయి.

సుగుణక్క మధ్యలోకి దూరింది. వాళ్ళ చేతులు విడదీసింది. ఇన్నేళ్ళలో యజమానుల ఒంటి మీద ఎప్పుడూ చేయి వేసి ఉండదు. అరబ్బీలో ఏదో అనబోయి, మాట దొరక్క, నా వైపు తిరిగింది.

"ఎత్తద్దని చెప్పప్పా వాళ్ళకు. మా అవ్వను అట్లనే ఎత్తిరి. ఊరు ఖాళీ చేసేనాడు. రాను అంటే నలుగురు ఎత్తి ట్రాక్టర్లో ఏసిరి. ఆ పొద్దు నుంచి సచ్చేదాంక మా అవ్వ ఎవురితోనూ మాట్లాడలే. నాతో గూడ మాట్లాడలే. చెప్పు."

నేను చెప్పాను. అరబ్బీలో అంత బాగా చెప్పగలనని నాకే తెలియదు. రషీద్ వెనక్కి తగ్గాడు. హమద్ చెంప మీద చేయి పెట్టుకొని నిలబడ్డాడు.

"మరి ఏం చేయమంటుంది?" అన్నాడు. కోపంగా కాదు, నిజంగా అడిగాడు. "ఇక్కడ వదిలేసి పోనా?"

సుగుణక్క పెద్దామె పక్కన కూర్చొని వీపు నిమిరింది. ఊపిరి కొంచెం కుదుటపడేదాకా నిమురుతూనే ఉంది. తర్వాత లేచింది. పైకప్పు కూలి ఒక మూల పడి ఉన్న ఎండు ఈత మట్టల్లో నుంచి ఒకటి లాగింది. దాన్ని మోకాలికి అడ్డంగా పెట్టి విరిచింది. నడుం వంచి, ఇల్లు ఊడ్వడం మొదలుపెట్టింది.

మాకెవరికీ అర్థం కాలేదు. సులేమాన్ గుమ్మం దాకా వచ్చి, "ఏం చేస్తోంది ఈమె?" అన్నాడు.

సుగుణక్క ఎవరి వైపూ చూడలేదు. మేకల పెంటికలు, గులకరాళ్ళు, రాలిన మట్టి, అంతా మూల నుంచి గుమ్మం వైపు తోసుకొస్తోంది. పెద్దామె చూస్తోంది. కాసేపు అయ్యాక అడిగింది.

"ఎందుకు ఊడుస్తున్నావు?"

సుగుణక్క ఊడ్వడం ఆపకుండా అరబ్బీలో జవాబు చెప్పింది. మన మాటల్లో చెబితే ఇట్లా: "ఖర్జూరాలు మాగినాయంట గదా ఉమ్మీ. పడవలు వచ్చి ఒడ్డున ఉండాయి. ఇల్లు సర్దకుండా యెట్ల పోతాం?"

నేను సులేమాన్ మొహం చూశాను. అతనికి అర్థమైంది. నా చెవిలో చెప్పాడు. పూర్వం ఆ తీరపు పల్లెలన్నీ ఎండాకాలం ఖాళీ అయ్యేవట. నీళ్ళు ఉండవు, వేడికి రాయి కాలుతుంది. ఊరంతా పడవలెక్కి ఖసబ్ ఖర్జూరం తోటలకు పోయి, కాయ కోసుకొని, చల్లబడ్డాక తిరిగి వచ్చేవాళ్ళు. పోయే రోజున ఆడవాళ్ళు ఇల్లు ఊడ్చి, కుండలు బోర్లించి, తలుపుకు బీగం వేసుకొని పడవెక్కేవాళ్ళు. పెద్దామె కాళ్ళు పట్టించుకుంటూ సుగుణక్కకు ఏళ్ళ తరబడి చెప్పుకున్న కబుర్లన్నీ ఇవేనని తర్వాత తెలిసింది.

పెద్దామె గోడ పట్టుకున్న చేతులు వదిలింది. "ఆ మూల వదిలేశావు," అంది.

"సూపీ, యాడ?" అంది సుగుణక్క తెలుగులోనే.

పెద్దామె లేచింది. తనే వెళ్ళి మూల చూపించింది. తర్వాత నడుము మీద చేయి పెట్టుకొని ఇల్లంతా చూసి, "కుండలు?" అంది.

అక్కడ కుండలు లేవు. సుగుణక్క చేయి ఆగింది. అప్పుడు హమద్ కదిలాడు. మేము అన్నం తెచ్చిన గిన్నెలు తీసుకున్నాడు. మిగిలిన అన్నం బయట మేకలకు పోసి, గిన్నెలు తుడిచి, తల్లి ముందే ఆ మూలన ఒక్కొక్కటీ బోర్లించాడు. పెద్దామె ఒక గిన్నెను కాలితో కొంచెం జరిపి, తల ఊపింది.

గుమ్మం దాకా వచ్చి ఆగింది. "బీగం?" అంది.

తలుపే లేని ఇల్లు. రాతి గుమ్మానికి ఒక పక్క తుప్పు పట్టిన ఇనుప కొండీ మాత్రం మిగిలింది. సులేమాన్ మొలలో నుంచి టెండర్ ఇంజనుకు వేసే బీగం, తాళపుచెవితో సహా తీశాడు. ఇందాకటి దాకా తొందరపెట్టినవాడు, రెండు చేతులతో దాన్ని ఆమెకు అందించి, "ఇదుగో అత్తా," అన్నాడు. ఆమె దాన్ని కొండీకి తగిలించి నొక్కింది. టక్కుమంది. లాగి చూసుకుంది. తాళపుచెవి తీసి ముసుగు కొంగులో ముడివేసుకుంది.

తర్వాత ఎవరి చేయీ పట్టుకోకుండా మూడు మెట్లూ దిగింది.

ఒడ్డున నిలబడి ఒకసారి వెనక్కి తిరిగి, "పక్కింటోళ్ళు పోయారా?" అని అడిగింది.

"అందరూ పోయినారు ఉమ్మీ. మనమే కడాన," అంది సుగుణక్క.

టెండర్ ఎక్కించేసరికి అలలు ఎత్తుగా వస్తున్నాయి. పెద్ద పడవలోకి ఆమెను చేర్చడానికి రెండుసార్లు పక్కకు తెచ్చి, రెండుసార్లూ వెనక్కి లాగాల్సి వచ్చింది. మూడోసారి అల పైకి లేపినప్పుడు, ముందే పైకెక్కిన సులేమాన్, హమద్ పైనుంచి అందుకున్నారు, నేనూ సుగుణక్కా కింది నుంచి పట్టుకున్నాం. ఆమె భయపడలేదు. పడవెక్కడం పుట్టినప్పటి నుంచి ఎరిగిన మనిషి, సరైన క్షణంలో తనే ఒళ్ళు తేలిక చేసింది. అప్పటికి మేమంతా నిలువునా తడిసిపోయాం.

ఖోర్‌లోకి తిరిగాక నీళ్ళు నిమ్మళించాయి. పెద్దామె తివాచీ మీద పడుకుంది. హమద్ పొడి దుప్పటి తెచ్చి కప్పాడు. ఆమె కళ్ళు తెరిచి చూసింది.

"నువ్వు ఎవరి కొడుకువు?" అంది.

"ఆమ్నా కొడుకును," అన్నాడు హమద్.

"ఆమ్నా కొడుకువా," అని అతని చెంప తాకింది. తను కొట్టిన చెంపే. "మంచి పిల్లవాడివి," అని కళ్ళు మూసుకుంది.

హమద్ లేచి పడవ ముక్కు దగ్గరికి పోయి కూర్చున్నాడు.

సుగుణక్కకు వేడి కాఫీ ఇచ్చాను. చలికి వణుకుతూ రెండు చేతులతో పట్టుకుంది.

"నీకు యెట్ల తోచింది అక్కా?" అని అడిగాను.

ఒక గుక్క తాగింది.

"మా అవ్వ ఆ పొద్దు ఒకటే అడిగిందప్పా. ఇల్లు ఊడ్సి వస్తా అనింది. కసువు కొట్టకుండ ఇల్లిడిసి యెట్ల వస్తా అనింది. అందురూ నవ్విరి. రేపో మాపో నీళ్ళొస్తాంటే ఇంగ ఊడ్సేదేముంది అనిరి. నేను సిన్నపిల్లను, నేనూ నవ్వితి." కప్పు కింద పెట్టి, "ఎంతసేపు పడుతుంది ఊడ్సేకి? సూసినావు గదా," అంది.

ఆమె కప్పులో ఇంకాస్త వేడి కాఫీ పోశాను.

రేవులో దిగేటప్పుడు హమద్ నాతోనూ సులేమాన్‌తోనూ చేయి కలిపాడు. సుగుణక్క ముందు మాత్రం తల వంచాడు. ఆ గిన్నెలు అక్కడే వదిలి వచ్చినందుకు మా ఆఫీసులో అడిగితే, సులేమాన్ గాలికి పోయాయని చెప్పాడు. టెండర్‌కు కొత్త బీగం తనే కొనుక్కొచ్చాడు. తర్వాత ఎప్పుడైనా ఆ పక్కకు పోతే, పల్లె ముందు పడవ వేగం తగ్గించేవాడు. గుమ్మానికి బీగం అట్లాగే ఉందని ఒకసారి దిగి చూసి వచ్చి చెప్పాడు.

పెద్దామె ఆ ఎండాకాలం దాటాక చనిపోయిందని హమద్ ఫోన్ చేసి చెప్పాడు. ఆ కొన్ని నెలలూ మళ్ళీ ఒక్కసారి కూడా పల్లెకు పోతానని గొడవ పెట్టలేదట. ఎవరైనా అడిగితే, ఇల్లు సర్ది వచ్చానులే, చల్లబడ్డాక పోదాం అనేదట. సుగుణక్క ఇంకో రెండేళ్ళకు ఆళ్ళగడ్డ వచ్చేసింది. కూతురు నర్సింగు చదివి నంద్యాలలోనే పనిచేస్తోంది. నేను కూడా తిరిగి వచ్చి ఈ ఆఫీసు పెట్టుకున్నాను.

రెండేళ్ళ కిందట ఒకరోజు ఆమె ఆఫీసుకు వచ్చింది. జుట్టు నెరిసింది, మాట మారలేదు.

"మా ఊరి కాడికి పడవ పోతాదేమోనప్పా?" అని అడిగింది.

ఆత్మకూరు మీదుగా తీసుకుపోయాను. అడవి అంచున దిగి, చేపలు పట్టే వాళ్ళ మోటారు పడవ మాట్లాడాను. ఆ ఏడు వానలు బాగా పడి నీళ్ళు నిండుగా ఉన్నాయి. ఎటు చూసినా నీళ్ళు, నీళ్ళ అంచున నల్లమల కొండలు. గట్టు కనిపించదు, గుడి కనిపించదు. పడవాయన ఒకచోట, "మీ ఊరు ఈ తట్టే ఉండాలమ్మా," అన్నాడు. మోటారు ఆపమంది. ఆపాడు.

సుగుణక్క చేయి చాపి నీళ్ళ మీద చూపిస్తూ ఇళ్ళ పేర్లు చెప్పింది. ఫలానా వాళ్ళిల్లు, దాని పక్కన ఫలానా వాళ్ళిల్లు, అక్కడ చర్చి, దాని ముందు చింతచెట్టు. సరిగ్గా చెబుతోందో లేదో నాకు తెలియదు, ఆమెకూ తెలియదనుకుంటాను. తమ ఇంటి దగ్గరికి వచ్చేసరికి మాట ఆగింది. చేయి నీళ్ళలో పెట్టి అట్లాగే చాలాసేపు ఉంచింది. నేను గడియారం చూడలేదు. పడవాయన కూడా తొందరపెట్టలేదు.

చివరికి చేయి తీసి చీర కొంగుకు తుడుచుకుంది. "ఇంగ పోదాం పా అప్పా," అంది.

ఈ పనిలో ఇన్నేళ్ళున్నాను. మొదట్లో జనానికి చోట్లు చూపించడమే నా పని అనుకునేవాణ్ణి. మంచి చోటు చూపిస్తే, వేళకు తిరిగి తెస్తే అయిపోయిందనుకునేవాణ్ణి. కొందరు చూడటానికి రారు, సెలవు తీసుకోవడానికి వస్తారు. పైకి చూస్తే రెండు రకాలవాళ్ళూ ఒకేలా ఉంటారు, అందరిలాగే టికెట్ కొంటారు, అందరిలాగే నీళ్ళ సీసా అడుగుతారు. వాళ్ళను గుర్తుపట్టడం ఇప్పటికీ నాకు పూర్తిగా రాలేదు. అందుకే ఇప్పుడు ఎక్కడికి తీసుకుపోయినా, అక్కడి నుంచి తిరిగి బయల్దేరే ముందు కొంత సమయం ఏ పనికీ కేటాయించకుండా ఉంచుతున్నాను. బస్సు డ్రైవర్లు విసుక్కుంటారు. చాలామంది ఆ సమయంలో టీ తాగుతారు, ఫోటోలు దిగుతారు. ఎప్పుడో ఒకరు మాత్రం గుంపులో నుంచి పక్కకు వెళ్ళి, ఒంటరిగా నిలబడి వస్తారు. వాళ్ళు తిరిగి వచ్చి తమంతట తాము బస్సు ఎక్కేదాకా నేను పిలవను.